ఆట మొదలయ్యాక రూలు మార్చకండి: బ్రిడ్జ్ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

భారత బ్రిడ్జ్ సమాఖ్య కార్యవర్గానికి, రాష్ట్ర సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు నమస్కారం.

కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున, ఎనిమిదీ నలభైకి, ఇద్దరిద్దరు జంటలుగా ఆడే ఈ పేకముక్కల ఆట పోటీకని వెళ్ళిన ఒక ఊళ్ళో, లాడ్జి గదిలో గడ్డం గీసుకుంటుంటే ఫోన్‌కి వాట్సాప్ సందేశం వచ్చింది. హాలు సాయంత్రం నాలుగు వరకే దొరికిందట. అందుకని ఎనిమిది జట్లకు బదులు మొదటి నాలుగు జట్లే నాకౌట్‌కు వెళ్తాయట. కింద "సహకరించగలరు" అని కూడా రాశారు. ముందురోజు రాత్రి లీగ్ ముగిసేసరికి మాది ఏడో స్థానం. నోటీసులో ఎనిమిది జట్లు అని ఉంది కాబట్టే గది తీసుకుని ఆగాం. నా పార్ట్‌నర్ బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. సందేశం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి మంచం మీద పెట్టి, "మాస్టారూ, రూలు మారినందుకు కాదండీ. మనం పడుకున్నాక మార్చారు చూశారా, అదీ" అన్నారు.

అప్పీలు చేశాం. నిర్వాహకులు వేరే గడువు పెట్టకపోతే, స్కోర్లు ప్రకటించిన 30 నిమిషాల్లోగా అప్పీలు చేసుకోవాలని నియమావళి చెబుతుంది. మేం సందేశం చూసిన పది నిమిషాల్లోనే వెళ్ళాం. ముగ్గురు కూర్చుని విన్నారు. మర్యాదగానే విన్నారు, టీ కూడా తెప్పించారు. ఆ ముగ్గురిలో ఇద్దరు మూడో, నాలుగో స్థానాల్లో ఉన్న జట్లవాళ్ళు. అప్పీలు కొట్టేసి, కట్టిన డిపాజిట్ మాత్రం వెనక్కిచ్చారు. ఆ డబ్బుతో టిఫిన్ చేసి బస్సెక్కాం.

ఆ ఊరి పేరు, ఆ సంఘం పేరు రాయను. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు. హాల్లో నిజంగానే సాయంత్రం పెళ్ళి రిసెప్షన్ ఉంది, మేం బయటికి వస్తుంటే పూలవాళ్ళు లోపలికి వెళ్తున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి గోల అని మీరు అనుకోవచ్చు. ఏడో స్థానంలో నిలిచినవాడికి ఆ మాట తప్పదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. నేను విజయవాడలో ఒక క్లబ్బులో వారానికి రెండు సాయంత్రాలు డైరెక్టరుగా ఉంటాను. అంటే ఎవరైనా చెయ్యెత్తి పిలిస్తే పుస్తకం పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, జరిగింది విని తీర్పు చెప్పాలి. జీతం లేదు, విసుగులు మాత్రం పడాలి. ఒకరోజు ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి 'మల్టీ టూ డైమండ్స్' ఆడారు. ఆటకు ముందు జరిగే వేలంపాటలో రెండు డైమన్లు అని బిడ్ చేస్తే చేతిలో డైమన్లు ఉన్నాయని కాదు, ఆఠీన్లలో గానీ ఇస్పేట్లలో గానీ ఆరు ముక్కలు ఉన్నాయని అర్థం. ఎదుట ఉన్నవాళ్ళు ముప్పై ఏళ్ళుగా ఆడుతున్న పెద్దలు. "ఇదేం పద్ధతి, చెప్పాపెట్టకుండా?" అని నన్ను పిలిచారు. కుర్రాళ్ళు అలర్ట్ చేశారు, అంటే ఇది మామూలు బిడ్ కాదని ఎదుటివాళ్ళకు సూచించారు, అడిగితే అర్థమూ చెప్పారు. తాము ఆడే పద్ధతులు రాసే కన్వెన్షన్ కార్డు కూడా నింపి తెచ్చుకున్నారు. అయినా నేను ఆ పెద్దల మొహాలు చూసి, "మన క్లబ్బులో ఇది వద్దులే బాబూ" అనేశాను. ఏ పద్ధతులు ఆడొచ్చు, ఏవి ఆడకూడదు అని నిర్ణయించే హక్కు నియమావళి నిర్వాహకులకు ఇచ్చింది, నిజమే. కానీ బిడ్డింగ్ కార్డు బల్ల మీద పడ్డాక నిర్ణయించమనలేదు. ఆ కుర్రాళ్ళు మళ్ళీ రాలేదు. కాబట్టి ఈ ఉత్తరం ముందు నాకే రాసుకున్నాను.

బ్రిడ్జ్ తెలియని పాఠకులకు రెండు మాటలు. పేపర్లో 'పేకాట రాయుళ్ళు అరెస్ట్' అని వచ్చే వార్తకూ మాకూ సంబంధం లేదని ప్రతి బ్రిడ్జ్ ఆటగాడూ జీవితంలో వందసార్లు చెప్పుకుంటాడు. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో ఆడిన రమ్మీ మీద కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే, 1967లో ఆ కోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని తేల్చింది. అలా తేల్చేటప్పుడు పోలికకు తెచ్చుకున్నది బ్రిడ్జ్‌నే. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదే అంది. పోటీల్లో ఆడే డూప్లికేట్ బ్రిడ్జ్‌లో ఆ అదృష్టాన్ని కూడా తీసేస్తారు. పంచిన 52 ముక్కల్ని నాలుగు అరలున్న బోర్డులో పెట్టి బల్ల నుంచి బల్లకు తిప్పుతారు. మీరు ఆడిన చేతినే పక్క బల్లమీద ఇంకొకరూ ఆడతారు. మీకు ఆసులు రాలేదని ఏడవనక్కర్లేదు, ఆ దిక్కున కూర్చున్న ఎవరికీ రాలేదు. అవే ముక్కలతో ఎవరు ఎన్ని పట్లు తెచ్చారన్నదే లెక్క.

ఇంత కష్టపడి పంపకంలోంచి అదృష్టాన్ని తీసేసి, దాన్ని పొద్దున్నే వాట్సాప్‌లో తిరిగి తెచ్చిపెడుతున్నాం. నా బాధంతా అదే.

ఇది నేను కొత్తగా కోరుతున్నది కాదు. ప్రపంచ బ్రిడ్జ్ సమాఖ్య 2017 నియమావళిలో 78వ నియమం చూడండి. పోటీకి ముందే ప్రవేశ షరతులు, స్కోరింగ్ పద్ధతి, విజేతను ఎలా తేలుస్తారు, సమానమైతే ఏం చేస్తారు అన్నవి నిర్వాహకులు ప్రకటించాలని, అవి ఆటగాళ్ళకు అందుబాటులో ఉండాలని అందులో ఉంది. నాకు ఇంకా ఇష్టమైనది 82వ నియమం. డైరెక్టరు తప్పు తీర్పు ఇచ్చి, దాంతో ఆ బోర్డును మామూలుగా లెక్కకట్టే వీలు లేకుండా పోతే, స్కోరు సవరించేటప్పుడు రెండు పక్షాలనూ తప్పు చేయనివాళ్ళుగానే చూడాలి. ఎంత పెద్ద మాటో చూడండి. తప్పు అధికారిదైతే నష్టం ఆటగాళ్ళలో ఎవరి మీదా పడకూడదని ఆట పుస్తకమే ఒప్పుకుంది. ఒక్క బోర్డు విషయంలో ఇంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళం, మొత్తం టోర్నమెంటు విషయానికి వచ్చేసరికి "సహకరించగలరు" అంటున్నాం.

నియమాలు అసలు మారకూడదని నేననడం లేదు. మారకపోతే ఈ ఆట ఎప్పుడో చచ్చిపోయేది. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఇటలీ ఆటగాళ్ళిద్దరు బల్ల కింద కాళ్ళతో సైగలు చేసుకుంటున్నారని ఆరోపణ వచ్చింది. పార్ట్‌నర్లు ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా బల్లకు అడ్డంగా తెర పెట్టడం ఆ పోటీల్లోనే మొదలైంది. తెర బల్ల పైనే ఉంది, కాళ్ళు కిందే ఉన్నాయి! అప్పుడు బల్లల కింద అడ్డంగా చిన్న కాఫీ టేబుళ్ళు పెట్టారట. నవ్వొస్తుంది కానీ, నియమాలు పుట్టేది ఇలాగే. అంతకు పదేళ్ళ ముందు బ్యూనస్ ఎయిరిస్‌లో బ్రిటన్ జంట మీద వచ్చిన ఆరోపణలో ప్రపంచ సమాఖ్య దోషులంది, బ్రిటన్ సంఘం వేయించిన విచారణ నేరం నిస్సందేహంగా రుజువు కాలేదంది. రెండు తీర్పులూ అలాగే ఉండిపోయాయి. ఎంత రుజువు ఉంటే చాలన్నది ముందే తేల్చుకోకపోతే జరిగేది అదే.

2015లో ప్రపంచ జట్ల పోటీలు చెన్నైలో జరిగినప్పుడు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి రెండు రోజులు చూసొచ్చాను. అప్పటికి నెలరోజులుగా బ్రిడ్జ్ లోకం అట్టుడికిపోతోంది. నార్వే ఆటగాడు బోయె బ్రోగెలాండ్ మొదలుపెట్టిన మోసం ఆరోపణలతో పాత వీడియోలన్నీ మళ్ళీ చూడటం మొదలైంది. ఇజ్రాయెల్, మొనాకో, జర్మనీ జట్లు తప్పుకున్నాయి. పోలండ్ జట్టులో ఒక జంటకు ఇచ్చిన ఆహ్వానాన్ని సరిగ్గా పోటీల ముందు వెనక్కి తీసుకున్నారు. మిగిలినవాళ్ళతోనే ఆడి పోలండ్ ఆ పోటీల్లో ఓపెన్ జట్ల ట్రోఫీ అయిన బెర్ముడా బౌల్ గెలిచింది. అది కూడా ఆఖరి నిమిషంలో తీసుకున్న నిర్ణయమేగా అని మీరడగొచ్చు. తేడా ఉంది. ప్రపంచ పోటీల్లో చోటు ఆహ్వానం మీదే, ఆ ఆహ్వానాన్ని వెనక్కి తీసుకునే అధికారం కమిటీకి ఉంది అన్న సంగతి ముందే రాసిపెట్టి ఉంది. అందరూ తెలిసే వచ్చారు. నాకు ఆ అధికారం నచ్చదు, అది వేరే సంగతి. కానీ అది రాత్రికి రాత్రి పుట్టింది కాదు.

ఆ గొడవకు తర్వాత ఇంకో అంకం ఉంది, కార్యవర్గాలు చదవాల్సింది అదే. మొనాకో తరఫున ఆడిన ఫాంటోని, నూనెస్ జంటపై యూరప్ సమాఖ్య ఐదేళ్ళ నిషేధం విధించింది. వాళ్ళు లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్ళారు. 2018 జనవరిలో ఆ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టేసింది. మోసం జరగలేదని చెప్పలేదు, సమాఖ్య చూపించిన రుజువు చాలదంది. అందరికీ తెలుసు అనుకున్నదాన్ని కాగితం మీద నిలబెట్టడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. మన జిల్లా స్థాయిలో ఒక ఆటగాడి మీద అనుమానం వస్తే మనం చేసేదేమిటి? పిలవడం మానేస్తాం. పేరు కమిటీలో ఎవరో ఒకరు తీసేస్తారు. అతనికి ఉత్తరం ముక్క వెళ్ళదు, జవాబు చెప్పుకునే అవకాశం రాదు. అతను నిజంగా మోసగాడే అయితే పక్క రాష్ట్రానికి వెళ్ళి హాయిగా ఆడుకుంటాడు, కాకపోతే జీవితాంతం ఆ మచ్చ మోస్తాడు.

పైస్థాయిలో తీసుకునే నిర్ణయం కింద ఆడేవాడిని ఎలా తాకుతుందో చెప్పడానికి మన పతకమే చాలు. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పురుషుల పెయిర్స్‌లో బంగారం తెచ్చారు. బర్ధన్ గారికి అప్పుడు 60 ఏళ్ళు. పేకాటకి బంగారు పతకమేమిటని మా ఇంట్లోనే నవ్వారు, ఆ తర్వాత నెలరోజులు నన్ను ఆదివారం కూరగాయలకు పంపలేదు. జకార్తాలో బ్రిడ్జ్‌లో ఆరు విభాగాలున్నాయి. 2023లో జరిగిన హాంగ్జౌ క్రీడలకు వచ్చేసరికి మూడే మిగిలాయి: పురుషుల జట్లు, మహిళల జట్లు, మిక్స్‌డ్ జట్లు. మనం బంగారం గెలిచిన పెయిర్స్ విభాగమే లేదు. పురుషుల జట్టు అక్కడ వెండి తెచ్చింది, ఆ గొప్ప వాళ్ళది. కానీ ఐదేళ్ళు పెయిర్స్ మీదే సాధన చేసిన జంట ఏమనుకోవాలి? ఇలాంటి మార్పు మన చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. వచ్చిన రోజునే ఆటగాళ్ళకు చెప్పడం, సెలక్షన్ ట్రయల్స్ పద్ధతిని దానికి తగ్గట్టు ముందే మార్చి ప్రకటించడం మాత్రం మన చేతుల్లోదే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, రెండు కారణాలు.

ఒకటి, 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. దాని ప్రకారం జాతీయ క్రీడా సంస్థ కార్యవర్గంలో 15 మందికి మించి ఉండకూడదు. వారిలో కనీసం ఇద్దరు పేరున్న క్రీడాకారులు, కనీసం నలుగురు మహిళలు ఉండాలి. ఆటగాళ్ళ కమిటీ, నైతిక విలువల కమిటీ, వివాదాల పరిష్కార కమిటీ వేయాలి. పైన ఒక క్రీడా ట్రిబ్యునల్ ఉంటుంది. ఇల్లు అలకగానే పండగ కాదు, నాకూ తెలుసు. చట్టం జాతీయ సంస్థల దాకా వస్తుంది. జిల్లా సంఘం ఒక అలమారు, ఒక రబ్బరు స్టాంపు, ఇద్దరు ఓపికమంతుల మీద నడుస్తుంటుంది. అయినా అందులో ఉన్న ఒక ఆలోచనను మనం ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు: రూలు చేసేవాళ్ళు, జట్టును ఎంచేవాళ్ళు, అప్పీలు వినేవాళ్ళు వేర్వేరు మనుషులై ఉండాలి. బ్రిడ్జ్‌లో ఇది మిగతా ఆటలకన్నా ముఖ్యం. క్రికెట్‌లో డబ్బు పెట్టే ఆసామి స్టాండ్స్‌లో కూర్చుని చూస్తాడు. ఇక్కడ డబ్బు పెట్టే స్పాన్సరు జట్టులో ఒకడిగా బల్ల దగ్గర కూర్చుని ఆడతాడు. ఆయన తప్పేం లేదు, ఆయన లేకపోతే మన మంచి ఆటగాళ్ళు సగంమంది విమానమెక్కరు. కానీ ఆయనే కార్యవర్గంలో ఉండి, ఆయన స్నేహితుడే అప్పీలు కమిటీలో ఉంటే, తీర్పు ఎంత సరైనదైనా ఓడినవాడు నమ్మడు. మనుషులు దొరకడం లేదంటారా? ఆడి తప్పుకున్న జట్ల నుంచి తీసుకోండి. పక్క రాష్ట్రంలో ఉన్న డైరెక్టరుకు ఫోన్ చేయండి. పదిహేను నిమిషాల పని.

నలుగురు మహిళల సంగతి విడిగా చెప్పాలి. మా క్లబ్బులో ఎనిమిది బల్లలు పడితే ఆడవాళ్ళు ముగ్గురు. వాళ్ళు రాత్రి పదిన్నరకు ముగిసే సెషన్‌కు రాలేరని ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. సెషన్ వేళలు నిర్ణయించేది పదిన్నరకు ఇంటికి వెళ్తే ఎవరూ అడగని మగవాళ్ళం. ఇంతకు మించి రాయను.

రెండో కారణం 2027. ప్రపంచ సమాఖ్య కనీసం పదేళ్ళకోసారి నియమావళి మొత్తాన్ని సమీక్షించుకోవాలని పెట్టుకుంది. 1987, 1997, 2007, 2017 అలాగే వచ్చాయి. వచ్చేది వచ్చేలోపు మనం ఏం చేస్తాం? 2017లో 'కంపారబుల్ కాల్' అని ఒకటి వచ్చింది: చెల్లని బిడ్‌కు బదులు దాదాపు అదే అర్థం వచ్చే బిడ్ పెట్టుకుంటే ఆట మామూలుగా సాగిపోవచ్చు. మా క్లబ్బులో జరిగిందే చెబుతాను. పార్ట్‌నర్ రెండు నోట్రంప్ (తురుపు లేని ఆట) అంటే, సరిగ్గా చూసుకోక ఒక నోట్రంప్ అనుకుని ఒకాయన రెండు కళావర్లు పెట్టాడు. అది కళావర్లున్నాయని కాదు, పార్ట్‌నర్ చేతిలో ఏముందో అడిగే ప్రశ్న. తక్కువ బిడ్, చెల్లదు. దాన్ని మూడు కళావర్లుగా మార్చుకుంటే, అడుగుతున్న ప్రశ్న అదే కాబట్టి ఆట మామూలుగా సాగాలి. కానీ బల్ల దగ్గరున్న పెద్దాయన, "కన్వెన్షన్ కదా, పార్ట్‌నర్ ఇంక ఆటంతా పాస్ చెప్పాల్సిందే" అని పట్టుబట్టారు. ఆయన చెప్పింది 1997 పుస్తకం. తప్పు ఆయనది కాదు, కొత్త పుస్తకం ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినా అది కోర్టు కాగితాల్లాంటి ఇంగ్లీషు, లెక్చరరుగా ముప్పై ఏళ్ళు చేసిన నేనే ఒక్కో వాక్యం మూడుసార్లు చదువుతాను. కొత్త నియమావళి రాగానే, ఏం మారిందో ఇరవై పేజీల్లో తెలుగులో రాయించండి. తమిళం, మరాఠీ, బెంగాలీల్లోనూ రాయించండి. తెలుగుది ఊరికే రాసిపెడతాను, అచ్చు ఖర్చు మీరు చూసుకోండి.

బయటివాళ్ళు ఇలాంటివి ఎలా చేశారో చూస్తే మరీ బ్రహ్మవిద్యేం కాదు. ఉత్తర అమెరికా బ్రిడ్జ్ లీగ్ 2018లో ఏ స్థాయి పోటీలో ఏ బిడ్డింగ్ పద్ధతులు ఆడొచ్చో బేసిక్, బేసిక్ ప్లస్, ఓపెన్, ఓపెన్ ప్లస్ అని నాలుగు పట్టికలు చేసింది. ఆటగాడు ఇంటి దగ్గరే చూసుకుని వస్తాడు. అలాంటి పట్టిక ఒక్కటి గోడకు అంటించి ఉంటే ఆ ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఇవాళ్టికీ మా క్లబ్బులో ఉండేవాళ్ళేమో. అదే లీగ్ తన పాలక బోర్డును 25 మంది నుంచి 13కి తగ్గించుకోవాలని నిర్ణయించి, కొన్నేళ్ళపాటు దశలవారీగా అమలు చేసింది. తమ కుర్చీలు తామే తగ్గించుకున్న కమిటీని నేను ఇంకెక్కడా చూడలేదు. ప్రపంచ సమాఖ్య 2013లో, మ్యాచ్‌లో వచ్చిన తేడాను జట్ల పాయింట్లుగా మార్చే విక్టరీ పాయింట్ల లెక్కను దశాంశాలతో మార్చినప్పుడు కూడా పట్టికలు ముందే వచ్చాయి. లెక్కల మాస్టారిగా నాకు ఆ మార్పు చాలా నచ్చింది, మా క్లబ్బులో ఇంకెవరికీ నచ్చలేదు. నచ్చకపోయినా గొడవ మాత్రం జరగలేదు, ఎందుకంటే పోటీ మొదలయ్యేసరికి పట్టిక అందరి చేతిలో ఉంది.

నేను అడిగేది ఎక్కువేం కాదు. రాష్ట్ర స్థాయి టోర్నమెంటు షరతులు నెల ముందు రాతలో పెట్టండి. ఎన్ని జట్లు ముందుకెళ్తాయి, సమానమైతే ఎలా తేలుస్తారు, హాలు లేక కరెంటు లేక సమయం చాలకపోతే ఏ రౌండ్ తగ్గిస్తారు, అన్నీ అందులోనే ఉండాలి. అవును, సమయం చాలకపోతే ఏం చేస్తారన్నది కూడా. మన దేశంలో హాలు దొరకకపోవడం ఆకాశం నుంచి ఊడిపడే విపత్తు కాదు, ముహూర్తాల నెలలో ప్రతిసారీ వచ్చేదే. మొదటి బోర్డు పంచాక ఏదైనా మార్చక తప్పదనుకుంటే, బరిలో ఉన్న జట్ల కెప్టెన్లందరి సంతకాలు తీసుకోండి, ఒక్కరు ఒప్పుకోకపోయినా పాత షరతే నడవాలి. అప్పీలు కమిటీ పేర్లు మొదటి రోజే గోడకు అంటించండి. తీర్పు రెండు వాక్యాల్లోనైనా కారణంతో రాసివ్వండి. ఆరోజు మాకు అలాంటి రెండు వాక్యాలు ఇచ్చి ఉంటే, ఈ ఉత్తరం ఇంత పొడుగు అయ్యేది కాదు.

నా పార్ట్‌నర్ ఆ తర్వాత బయటి ఊళ్ళకు ఆడటానికి రావడం మానేశారు. మోకాళ్ళ నొప్పులంటారు. మొన్న కొత్త టోర్నమెంటు నోటీసు వచ్చిందని చెబితే, ఎంట్రీ ఫీజు ఎంత, ఎన్ని బోర్డులు అని అడగలేదు. "హాలు ఎన్నింటి వరకు తీసుకున్నారట మాస్టారూ?" అన్నారు. నోటీసులో ఆ సంగతి లేదు. మీలో సంబంధించినవారు చెబితే ఆయనకు చెబుతాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక క్లబ్బు డైరెక్టరు